శ్రీ ఫ.గు. హళకట్టి గారి ముద్రణ కాయకము

వీరశైవ వాఙ్మయ చరిత్రలో 1925వ సంవత్సరమునకు ఒక ప్రత్యేకత ఉన్నది. ఆ యేడు బిజాపూరు పట్టణములో పేరుగాంచిన ఒక న్యాయవాది తన సొంత ఇంటిని అమ్మివేసినారు. ఆడపిల్ల పెండ్లికి గాని, కోర్టు వ్యవహారములలో చిక్కుకొని గాని అమ్మినది కాదు. ఆ సొమ్ముతో అచ్చు యంత్రమును, కన్నడ టైపును సమకూర్చుకొని, హితచింతక ముద్రణాలయమను పేరుతో ఒక అచ్చుకూటమును నెలకొల్పినారు. అప్పటికి వారికి 45 ఏండ్లు. సంసారి. వృత్తిలో స్థిరపడినవారు. ఊరిలో నలుగురికీ పెద్దగా మెలగినవారు. వారే కన్నడ దేశము వచన పితామహుడని గౌరవించుకొను శ్రీ ఫకీరప్ప గురుబసప్ప హళకట్టి గారు.

హళకట్టి గారి పేరు వినగానే తాళపత్రములు, వచన సంపుటములు జ్ఞప్తికి వచ్చుట సహజము. వారి పాండిత్యమును గురించి వ్రాసినవారు చాలమంది ఉన్నారు. అయితే నడివయస్సులో, ఏ మాత్రము అలవాటులేని ఒక వ్యాపారమును నెత్తికెత్తుకొన్న గృహస్థుగా వారిని చూచినవారు తక్కువ. అచ్చుకూటమనగా నెలనెలా జీతములు, కాగితపు బేరము, రాని బాకీలు, ఆగిపోవు యంత్రము. వీటి నడుమ మనస్సు చెదరకుండ 35 ఏండ్లకు పైగా ఎట్లు నిలిచినారన్నది వారి పాండిత్యమున కంటె తక్కువ విషయమేమీ కాదు.

హళకట్టి గారు 1880 జులై 2వ తేదీన ధారవాడలో జన్మించినారు. తండ్రి గురుబసప్పగారు ఉపాధ్యాయులు, వ్రాతలో అభిరుచి కలవారు. తల్లి దానమ్మ. చిన్ననాటనే హళకట్టిగారు ఆ తల్లిని పోగొట్టుకొన్నారు. ధారవాడలో చదువు ముగించుకొని, బొంబాయి వెళ్ళి, సెయింట్ జేవియర్స్ కళాశాలలో విజ్ఞానశాస్త్రము చదివి పట్టము పుచ్చుకొన్నారు. పిమ్మట న్యాయశాస్త్రము చదివి 1904లో వకీలైనారు.

బొంబాయి వారికి పట్టమొక్కటే ఇవ్వలేదు. ఆ నగరములో గుజరాతీలు, మరాఠీలు తమ భాషలలో పత్రికలు నడుపుకొనుట, గ్రంథాలయములు పెట్టుకొనుట, తమ పూర్వకవుల గ్రంథములను అచ్చొత్తించుకొనుట వారు కండ్లార చూచినారు. కన్నడ మాట్లాడు జిల్లాలు అప్పుడు బొంబాయి, మద్రాసు రాజధానులలోను, మైసూరు, హైదరాబాదు సంస్థానములలోను ముక్కలుగా చీలి ఉండేవి. బొంబాయి రాజధానిలోని కన్నడ జిల్లాలలో మరాఠీదే పైచేయి. తరువాతి కాలమున కర్ణాటక కులపురోహితుడని పేరుపొందిన ఆలూరు వెంకటరావుగారితో స్నేహము ఆ విద్యార్థి దశలోనే కుదిరినది. మన భాషకు మనము ఏమి చేసినామన్న ప్రశ్న ఆ ఇరువురిని జీవితాంతము వదలలేదు.

వకీలుగా మొదట బెళగావిలో కొంతకాలము ఉండి, పిదప బిజాపూరు చేరినారు. ఆ జిల్లా బసవేశ్వరుల జన్మస్థలమైన బాగేవాడి గల పుణ్యభూమి. వారు ఐక్యమైన కూడలసంగమము కూడ ఆ రోజులలో ఆ జిల్లాలోనిదే. కాని లోకము ఆ పట్టణమును గోల్‌గుంబజ్ వలన ఎరుగును, రైతులు కరవు వలన ఎరుగుదురు. వానలు తప్పిన యేడు పశువులను తోలుకొని కృష్ణాతీరమునకు వలసపోవు కుటుంబములు, పిల్లలకు బడిలేని పల్లెలు, వడ్డీవ్యాపారి గుప్పిటిలోని పొలములు ఆ కొత్త వకీలు కండ్లబడినవి.

ఆయన ఊరకుండలేదు. 1910లో తోటివారిని కూడగట్టి లింగాయత విద్యాసంస్థను స్థాపించినారు. నేడు బి.ఎల్.డి.ఇ. సంస్థగా పెరిగి విశ్వవిద్యాలయమును సహితము నడుపుచున్నది అదియే. 1912లో సిద్ధేశ్వర సహకార బ్యాంకు వెలసినది. ఈ రెండు కార్యములను వారి తరువాతి సాహసమునకు పాఠశాలలుగా భావించవచ్చును. కొత్త సంస్థ పెట్టువాని మొదటి బాధ డబ్బు లేకుండుట అని అందరు అనుకొందురు. నిజమునకు మొదటి బాధ సిగ్గు. నలుగురి గడప ఎక్కి అడుగవలెను. ఇచ్చువాడు ఇచ్చును, ఇవ్వనివాడు ఇవ్వకపోగా రెండు మాటలు అనును. చదువుకొన్నవాడు, నల్లకోటు తొడుగుకొన్నవాడు చేయి చాచుట మరింత కష్టము. విద్యాసంస్థ కోసము, బ్యాంకు కోసము తిరిగిన ఆ ఏండ్లలో హళకట్టిగారి సిగ్గు తీరిపోయి ఉండవలెను. తన పేర ఒక్క కాసు ఉంచుకొననివానికి అడుగుటలో కొంత స్వేచ్ఛ ఉండును. దానిని దాసోహ భావమని మన పెద్దలు అన్నారు.

ఇక వచనముల కథ. ఇరువదవ శతాబ్ది తొలి యేండ్లలో రబకవి-బనహట్టిలో మంచాలెవారి ఇంట వారికి కొన్ని తాళపత్ర గ్రంథములు కనబడినవి. వాటిలో ప్రభుదేవుల వచనములు ఉన్నవి. నేతపనికి పేరుపడిన ఊరది. ఆ ఇంటివారు ఆ గ్రంథములను భక్తితో భద్రపరచినారు. భద్రపరచుట వేరు, చదువుట వేరు. అనేక వీరశైవ గృహములలో ఆ రోజులలో జరిగినది ఇదే. తాళపత్రపు కట్టను గుడ్డలో చుట్టి, దేవుని మూలన పెట్టి, విభూతి పెట్టి పూజించుట. విప్పి చూచువారు లేరు. ఆకు ఎండి పెళుసెక్కుట, పురుగు పట్టుట, చెదలు తినుట మాత్రము ఆగలేదు.

హళకట్టిగారు ఆ వచనములు చదివి చలించిపోయినారు. 12వ శతాబ్దమున కల్యాణములో బసవేశ్వరులు, అల్లమప్రభువు, అక్కమహాదేవి మొదలైన శరణులు సామాన్యుల కన్నడములో పలికిన మాటలవి. బసవేశ్వరులను గురించి పురాణముల మూలమున ఎరిగినవారే గాని, వారి సొంత మాటలు వినినవారు ఎందరు? తెలుగువారికి ఈ సంగతి బాగుగ బోధపడును. పాల్కురికి సోమనాథుని బసవపురాణము చదివి బసవని మహిమలను కొనియాడిన మన ఇండ్లలోనే, బసవని వచనమొక్కటైనను తెలియనివారు అనేకులు ఉండేవారు.

అప్పటినుండి వారికి కోర్టు సెలవు దినములంటే తాళపత్రముల వేట. ఇంటింటికి, మఠమునుండి మఠమునకు పోవుట. కొందరు ఆదరముతో ఇచ్చిరి. కొందరు చూడనిచ్చిరి గాని గడప దాటనీయలేదు. వకీలు వచ్చి పాత కాగితములు అడుగుచున్నాడంటే ఏదో ఆస్తి తగవు కాబోలునని బెదరినవారు లేకపోలేదనుట ఊహించుటకు కష్టము గాదు. పత్రములు చేతికి వచ్చిన పిమ్మట మరియొక శ్రమ. విరామచిహ్నములు ఉండవు. ఒక వచనము ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలగునో అంకితమును బట్టి గుర్తించవలెను. కూడలసంగమదేవ అని ఉన్నచో బసవేశ్వరులది, గుహేశ్వర అన్నచో అల్లమునిది, చెన్నమల్లికార్జున అన్నచో అక్కది, రామనాథ అన్నచో దాసిమయ్యది. ఒక ప్రతిలో ఒకరి అంకితముతో ఉన్న మాట మరియొక ప్రతిలో మరొకరి అంకితముతో కనబడుటయు కద్దు. ఇట్లు రమారమి ఇరువది ఏండ్లు గడచినవి.

పోగుచేసినదానిని అచ్చొత్తించుటకు పూనుకొన్నప్పుడు మొదటి దెబ్బ తగిలినది. మంగళూరులోని ఒక ప్రసిద్ధ ముద్రణాలయమునకు వ్రాతప్రతిని పంపినారు. అది అచ్చు కాకుండ తిరిగి వచ్చినది. ఇరువది ఏండ్ల కష్టము మూటగట్టి పంపగా, ఆ మూట విప్పని కానుకవలె తపాలాలో వెనుకకు వచ్చినప్పుడు ఎవరికైనను రెండు భావములు కలుగును. తనను కాదన్నవారిపై కోపము ఒకటి. తాను పట్టినది నిజముగ విలువగల వస్తువేనా అన్న అనుమానము మరొకటి. కోపము కొన్నాళ్ళకు చల్లారును. అనుమానము లోపల కూర్చుండి మనిషిని తొలచును. హళకట్టిగారు ఆ అనుమానమునకు పని మూలముననే సమాధానము చెప్పుకొన్నట్లు వారి జీవితక్రమము చూచినచో తెలియును. బసవేశ్వరుల వచనములకు వారు చేసిన ఆంగ్లానువాదము 1922లో ఇండియన్ ఆంటిక్వేరి అను పరిశోధక పత్రికలో వెలువడినది. దేశాంతరములందలి పండితులు చదువు పత్రిక అది. మరుసటి యేడు, 1923లో, వచనశాస్త్రసారము మొదటి సంపుటము బెళగావిలో అచ్చయి వెలుగు చూచినది.

గ్రంథము వచ్చినది గదా, ఇక చాలునని అనుకొనువారు అనుకొందురు. హళకట్టిగారికి అప్పుడే అసలు చిక్కు కనబడినది. ఒక్క సంపుటము వచ్చుటకు ఇంత కాలము పట్టినచో, అటక మీద ఉన్న మిగిలిన కట్టలు ఎప్పుడు అచ్చగును? పరుల అచ్చుకూటములో మన పని వారి తీరికను బట్టి సాగును. పెండ్లి శుభలేఖలు, రసీదు పుస్తకములు, కోర్టు ఫారములు వారికి రొక్కము తెచ్చు పనులు. ఎనిమిది వందల ఏండ్లనాటి మాటలకు తొందర ఏమున్నదని వారు అనుకొనుట న్యాయమే. ఊరు కాని ఊరిలో అచ్చయినప్పుడు ప్రూఫులు తపాలాలో పోవుచు వచ్చుచు వారములు గడచును. పాత కన్నడము తెలియని కంపోజిటరు ఒక అక్షరము మార్చినచో ఒక శరణుని మాటే మారిపోవును. ఈ లెక్కలన్నియు చూచుకొన్న పిమ్మట సొంత ముద్రణాలయము తప్ప దారి లేదన్న నిశ్చయమునకు వచ్చినారు.

నిశ్చయము ఒక యెత్తు, ఇల్లు అమ్ముట ఒక యెత్తు. మన సమాజములో సొంత ఇల్లు అనునది నాలుగు గోడలే కాదు. అల్లుడు వచ్చిన ఇల్లు, పిల్లలు పుట్టిన ఇల్లు, జంగమునకు అర్చన జరిగిన ఇల్లు. దానిని అమ్మి అద్దె ఇంటికి పోయిన పెద్దమనిషిని బంధువులు ఏమందురో చెప్పనక్కరలేదు. జూదములో పోగొట్టినవానికి, అచ్చు యంత్రములో పోసినవానికి తేడా చూడనివారు ప్రతి ఊరిలోను ఉందురు. హళకట్టిగారు అప్పటికి బొంబాయి శాసనమండలిలో సభ్యులుగా పనిచేసినవారు. అట్టి హోదాగలవాడు మెట్టు దిగుట అందరి కంట పడును. దానికి తోడు ఆయన ధర్మపత్ని మాట ఒకటి ఉన్నది. చరిత్ర గ్రంథములు ఆమెను గురించి రెండు పంక్తులు మించి వ్రాయవు. అద్దె ఇంటి పొయ్యి వెలిగించినది ఆమెయే. రాబడి తగ్గిన సంసారమును నెట్టుకొని వచ్చినది ఆమెయే. ఆ అచ్చుకూటపు మూలధనములో ఆమె వాటా ఎంతో ఏ ఖాతాపుస్తకములోను వ్రాయబడి ఉండదు.

అచ్చుకూటము పెట్టుటకు ధైర్యము చాలును, నడుపుటకు ఓర్పు కావలెను. సీసపు అక్షరములు వాడగా వాడగా అరిగిపోవును. అరిగిన టైపుతో అచ్చువేసిన పుట చదువరి కంటికి నొప్పి. కొత్త టైపు కొనవలెనన్న రొక్కము. కన్నడమున గుణింతములు, ఒత్తులు కలిపి తెలుగువలెనే వందలకొలది అచ్చులు కావలెను. గళ్ళపెట్టె ముందు నిలుచుండి ఒక్కొక్క అక్షరమును ఏరి కూర్చు కంపోజిటరు దొరకుట, దొరకినవాడు నిలుచుట రెండును కష్టమే. కాగితము వ్యాపారి అరువు ఇచ్చును గాని గడువు మరువడు. శనివారము వచ్చినచో కూలివారు ఎదురు చూతురు. చందాదారు మాత్రము సంచిక అందుకొని డబ్బు సంగతి మరచును. ఈ మాటలు నేటి కొత్త వ్యాపారికి కూడ పరిచితములే. తేడా ఏమనగా, హళకట్టిగారు అచ్చువేయదలచిన సరుకునకు బజారులో గిరాకి లేదు. దానిని చదువు పాఠకులను సహితము ఆయనే తయారు చేసుకొనవలసి వచ్చినది.

అందుకే 1926లో శివానుభవము అను త్రైమాసిక పత్రికను ఆరంభించినారు. వచనములు, శరణుల చరిత్రలు, వీరశైవ కావ్యములు, వాటి పరిశోధన అందులో ప్రకటింపబడినవి. 1927లో నవకర్ణాటకము అను వారపత్రికను కూడ మొదలుపెట్టినారు. అచ్చుకూటము ఒక బరువు, త్రైమాసికము రెండవ బరువు, వారపత్రిక మూడవది. వ్యాపార దక్షుడైనవాడు మొదటిది నిలదొక్కుకొనువరకు రెండవదానిని తలపెట్టడు. ఈ విషయమున హళకట్టిగారిని మెచ్చుకొనుట కంటె ఉన్నది ఉన్నట్లు చెప్పుట మేలు. ఆయన మంచి వ్యాపారి కారు. లాభనష్టములు తూచి అడుగు వేసినచో రెండవ సంచికతోనే పత్రిక ఆగిపోయి ఉండేది.

అయితే ఆ తొందరలో ఒక ఉపాయము కూడ ఉన్నది. త్రైమాసికమునకు గడువు ఉండును. మూడు నెలలకొకమారు సంచిక రావలెను. ఇంత పెద్ద పని, ఎప్పటికి తెమలునో తెలియని పని, ముందు కూర్చున్న మనిషిని భయపెట్టును. అటక మీది వెయ్యి కట్టలను చూచినచో గుండె జారును. ఈ సంచికకు కావలసిన అరువది పుటలను చూచినచో చేయి ఆడును. నేడు దిద్దవలసిన ప్రూఫు, రేపు పంపవలసిన ఫారము, ఎల్లుండి తపాలాలో వేయవలసిన ప్రతులు. వీటిలో పడినవానికి తన పరువు ఏమైనది, ఇల్లు ఏమైనది, బంధువులు ఏమనుచున్నారు అని తలపోయుటకు తీరిక తక్కువ. శరణులు కాయకమునకు అంత ప్రాధాన్యము నిచ్చుటలోని మర్మములలో ఇది యొకటి కావచ్చును.

కాయకమన్న మాటతో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ గుర్తుకు రాక మానదు. నేలరాలిన బియ్యపు గింజలు ఏరి జంగమార్చన చేయుట మారయ్య కాయకము. ఒకనాడు అవసరమునకు మించి ఏరి తెచ్చినప్పుడు ఇల్లాలు లక్కమ్మ మందలించి, ఎక్కువైనదానిని తిరిగి పోసి రమ్మన్నది. హళకట్టిగారు ఈ దంపతుల మాటలను తాళపత్రములలో చదివి, దిద్ది, అచ్చువేసినవారు. వచ్చినదంతయు మరల పనికే పోవుట, తనకని మిగుల్చుకొనకుండుట అను క్రమము ఆయన అచ్చుకూటపు లెక్కలలో కూడ కనబడును. పుస్తకములకు తక్కువ వెల పెట్టినారు. పల్లెటూరి భక్తుడు కొనగలుగవలెనన్నది వారి ఆశ. ఈ ఔదార్యపు భారము సంసారము మీద పడినదన్నది కూడ దాచవలసిన పని లేదు. లక్కమ్మ ఇంటిలో ఆ నిర్ణయము ఇల్లాలు చేసినది. బిజాపూరులో గృహస్థు చేసినాడు. ఈ రెండింటికి నడుమ తేడా ఉన్నది.

1926వ సంవత్సరము మరొక గౌరవమును కూడ తెచ్చినది. ఆ యేడు బళ్ళారిలో జరిగిన కన్నడ సాహిత్య సమ్మేళనమునకు హళకట్టిగారు అధ్యక్షులైనారు. బళ్ళారి అప్పుడు మద్రాసు రాజధానిలోని దత్తమండల జిల్లా. ఆదోని, ఆలూరు, రాయదుర్గము అందులోనివే. కన్నడము, తెలుగు ఒకే వీధిలో వినిపించు ఊరు. సరిగా ఆ సంవత్సరమే మద్రాసులో వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పరిష్కరణమున, ఆంధ్రగ్రంథమాల పక్షమున పాల్కురికి సోమనాథుని బసవపురాణము అచ్చయినది. ఒకరు వైదిక బ్రాహ్మణ పండితులు, ఒకరు లింగాయత వకీలు. రెండు భాషలలో బసవేశ్వరుల కథ, బసవేశ్వరుల మాట ఒకే కాలమున అచ్చెక్కుట మన వీరశైవులకు సంతోషము కలిగించు విషయము.

ఒక సమ్మేళనాధ్యక్షుని మెడలో పూలమాల పడిన మరునాడు అతడు తిరిగి వచ్చునది అచ్చుకూటమునకే. మాలలు కాగితపు బాకీని తీర్చవు. ఈ తిరిగివచ్చుట చాలమందికి దుర్భరమగును. సభలలో కీర్తి, ఇంట్లో ఇబ్బంది అన్న రెండు లోకముల మధ్య ఊగిసలాడి కొందరు సభలకే అంకితమగుదురు. హళకట్టిగారు కన్నడ ఏకీకరణమునకు, విద్యకు, సహకారోద్యమమునకు సభలు చేసినారు గాని పత్రికను విడువలేదు.

దాని ఫలితమును అంకెలలో చెప్పవలెనన్నచో, అంతకుముందు కన్నడ సాహిత్య చరిత్రకారులు ఎరిగిన వచనకర్తలు సుమారు 50 మంది. హళకట్టిగారి కృషితో ఆ సంఖ్య 250కి చేరినది. వారిలో ఎవరెవరు ఉన్నారు? పడవ నడుపు అంబిగర చౌడయ్య, త్రాళ్ళు పేను నులియ చందయ్య, తాంబూలపు సంచి మోయు హడపద అప్పణ్ణ, మగ్గము నేయు జేడర దాసిమయ్య, మాదార చెన్నయ్య. స్త్రీలు పదులకొలది. పండితులు ఎన్నడును కవులుగా లెక్కించని ఈ జనము అంతా సీసపు అక్షరములలో వరుసగా నిలుచున్నారు. 1930లో గూళూరు సిద్ధవీరణ్ణ కూర్చిన శూన్యసంపాదనము వెలువడినది. హరిహరుని రగడలు వచ్చినవి. వచనశాస్త్రసారపు తక్కిన సంపుటములు క్రమముగా అచ్చయినవి.

విమర్శలు లేకపోలేదు. వచనశాస్త్రసారములో వచనములను కర్తలవారీగా కాక విషయవారీగా కూర్చినారు. పాఠభేదములను నేటి పరిష్కర్తలు చూపునంత నిక్కచ్చిగా చూపలేదు. తరువాతి తరము పండితులు ఈ లోపములను ఎత్తిచూపి, శాస్త్రీయ పరిష్కరణములు వెలువరించినారు. అది న్యాయమే. అయితే ఒక సంగతి గమనించవలెను. ఆకులు చెదలు తినుచున్నప్పుడు, నాలుగు ప్రతులు దొరకువరకు వేచియుండి సరియైన పాఠమును నిర్ణయించుదునని కూర్చున్నవాడు ఆ ఒక్క ప్రతిని కూడ పోగొట్టుకొనును. ముందు అచ్చులోనికి రానిచ్చి, తప్పులు తరువాతివారు దిద్దుకొందురన్న నమ్మకము హళకట్టిగారిది. కొత్తపని మొదలుపెట్టువారిని వెనుకకు లాగు భయములలో, తప్పు జరుగునేమో, పెద్దలు నవ్వుదురేమో అన్న భయము బలమైనది. ఒక వకీలు, భాషా పండితుడని ముద్రలేనివాడు, పండితుల నవ్వును పణముగా పెట్టి ఆ పని చేసినాడు.

కాలక్రమమున వకీలు వృత్తి వెనుకబడినది, ముద్రణ ముందుకు వచ్చినది. బిజాపూరు వీధులలో మాసిన, అతుకుల కోటుతో నడచిపోవు ఆ వృద్ధుని చూచినవారు ఆయనను గురించి మరచిపోలేకపోయినారు. ఒకనాటి శాసనమండలి సభ్యుడు, బ్యాంకు స్థాపకుడు ఆయనే అని కొత్తవారికి చెప్పినచో నమ్ముట కష్టము. ఆయన పెట్టిన బ్యాంకులో వేలమంది డబ్బు దాచుకొన్నారు. ఆయన పెట్టిన విద్యాసంస్థలో వేలమంది చదువుకొన్నారు. ఆయన మటుకు అద్దె ఇంటిలోనే ఉన్నారు. తన పేరిట ఆస్తి చేర్చుకొనుటకు అవకాశములు లేక కాదు. ఒకసారి ఇల్లు వదలుకొన్నవానికి మరల ఇల్లు కట్టవలెనన్న ఆరాటము లేకపోయినది.

1956 రెండు సంతోషములను తెచ్చినది. నవంబరు 1వ తేదీన కన్నడ ప్రాంతములన్నియు ఒక్క రాష్ట్రమైనవి. బొంబాయిలో విద్యార్థిగా కన్న కల 50 ఏండ్లకు ఫలించినది. అదే యేడు ధారవాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయము వారికి గౌరవ డాక్టరేటు ఇచ్చి సత్కరించినది. తాను పుట్టిన ఊరి విశ్వవిద్యాలయమది. అప్పటికి వారికి 76 ఏండ్లు. శివానుభవము ఆ పిదప కూడ ఇంకను కొన్నియేండ్లు వెలువడుచునే ఉన్నది.

1964 జూన్ 29వ తేదీన, 84 ఏండ్లు నిండుటకు మూడు దినములు ఉండగా, శ్రీ హళకట్టిగారు లింగైక్యులైనారు. ఆస్తిపాస్తుల పంపకమునకు ఏమియు మిగులలేదు. మిగిలినవి ముప్పది ఏండ్లకు పైబడిన పత్రిక సంచికలు, అచ్చయిన గ్రంథములు, దేశమంతయు తిరిగి కూడబెట్టిన తాళపత్రముల కట్టలు. 1980లో విద్యాసంస్థవారు నెలకొల్పిన ఇంజనీరింగు కళాశాలకు వారి పేరు పెట్టినారు. బిజాపూరు 2014 నవంబరునుండి విజయపురముగా పిలువబడుచున్నది. ఆ ఊరిలోనే వారి పేరిట ఒక పరిశోధన కేంద్రము పనిచేయుచున్నది. హళకట్టిగారి సమగ్ర సాహిత్యమును సంపుటములుగా అచ్చువేయించినది ఆ సంస్థయే. ఈసారి వ్రాతప్రతులు ఏ ఊరినుండియు తిరిగి రాలేదు.